నడుముకా, నిద్రకా

నిద్రపోవడంలో నన్ను కొట్టేవాళ్లు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. నిలబడి నిద్రపోగలను, బస్సులో కమ్మీ పట్టుకుని వేలాడుతూ నిద్రపోగలను, ఎదుటివాళ్లు తమ ఇంటి గొడవలు చెప్పుకుంటుంటే కళ్లు తెరుచుకునే ఊకొడుతూ నిద్రపోగలను. ఒకసారి పళ్ల డాక్టరు పన్ను పీకుతుంటే గురకపెట్టానని, ఆయన పట్టకారు పక్కనపెట్టి నా గురక అయ్యేదాకా చేతులు కట్టుకుని నిలబడ్డాడని చెప్తే ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. అలాంటి నేను నిన్న మధ్యాహ్నం నుంచి రెప్ప వాల్చలేదు. తప్పు మంచానిది. దీని మీద పరిచిన రెగ్జిను నేను ఎటు కదిలితే అటు కిర్రుమంటోంది, నా మీద ఎవరికో చాడీలు చెప్తున్నట్టు. తప్పు కిటికీది కూడా, అవతల మబ్బు తడి గోనెసంచిలా వేలాడుతుంటే తెల్లారి ఎంతసేపైందో తెలిసి చావడం లేదు. తప్పు లోపలున్న మనిషిది కూడా. మోచెయ్యో మోకాలో తెలీదు, పక్కటెముక కింద పెట్టి, అద్దె కట్టకుండా ఇల్లు ఖాళీ చేసేవాడు వెళ్తూ వెళ్తూ గోడ తన్నినట్టు తంతున్నాడు. వాడో, అదో. పోనీ నిద్రలో నన్ను కొట్టేవాళ్లు లేరన్న మాటైనా నిజమా అంటే, ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీలో మా అత్తయ్య ఉంది. నా ఫోను, ఉంగరం, చెవిపోగులు, కళ్లజోడు అన్నీ వేసిన సంచిని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని, దొంగలొస్తే చెయ్యితో సహా పట్టుకుపోవాలన్నట్టు కూర్చుని, నోరు కొంచెం తెరిచి, హాయిగా నిద్రపోతోంది. ఆపరేషను నాకు. మత్తు ఆవిడకి ఎక్కింది.

మత్తు డాక్టరు ఇందాక వచ్చి వెళ్లింది. సన్నటి మనిషి, మెళ్లో గొలుసుకి కళ్లజోడు, మాట ఎంత నెమ్మదంటే తన మందు తనే కొంచెం రుచి చూస్తుందేమో అనిపించింది. పోయినవారం నన్ను పరీక్ష చేసినాయన వేరే, ఈవిడని చూడడం ఇదే మొదలు. స్టూలు లాక్కుని కూర్చుని, రెండు దారులున్నాయంది. మొదటిది నడుముకి. వెన్నులో సన్నసూదితో మందిస్తే నడుము కిందంతా మొద్దుబారిపోతుంది, కాళ్లు ముందు వెచ్చగా అయి తర్వాత బరువెక్కుతాయి, కడుపు దగ్గర లాగుతున్నట్టు నొక్కుతున్నట్టు తెలుస్తుంది గానీ నొప్పి తెలీదు, మెలకువగా ఉంటారు, మీవారు మీ తల దగ్గరే కూర్చోవచ్చు. రెండోది పూర్తి మత్తు. నిద్రపోతారు, గొంతులోకి గొట్టం వేస్తాం, మీరు లేచేసరికి అంతా అయిపోయుంటుంది, ఆయన మాత్రం బయటే ఉండాలి. "మామూలుగా అయితే నడుముకివ్వడమే మంచిది, మీకూ బిడ్డకీ" అంది. ఆవిడ మాట పూర్తికాకుండానే "నిద్రపుచ్చేయండి" అన్నాను. "ఎందుకని?" అంది. ఇలాంటి చోట మామూలు మనుషులు భయంగా ఉందండీ అని ఊరుకుంటారు. నేను మామూలు మనిషినైతే కదా. "నా వెన్నులో రాడ్డుందండీ" అన్నాను. అన్నాక నాకే ముచ్చటేసి, "స్క్రూలతో సహా" అని కూడా అన్నాను. ఆవిడ ఫైలు తిరగేసింది. "ఇక్కడ రాయలేదే." "పోయినవారం చూసినాయన అడగలేదండీ." "పోయిన కాన్పుకి నడుముకే ఇచ్చారుగా మరి?" "ఆ తర్వాత పడ్డానండీ. స్కూటరు మీంచి." ఆవిడ కళ్లజోడు పెట్టుకుని నన్ను చూసింది, కళ్లజోడు తీసి ఇంకోసారి చూసింది. "ఎక్స్‌రేలు ఎవరి దగ్గరున్నాయి?" "మావారి దగ్గర." "అయితే ఆయన్ని రానివ్వండి. ముందున్న కేసు ముగించుకుని వస్తాను. రాడ్డే ఉంటే నడుముకివ్వడం నిజంగానే కష్టం" అని లేచి, స్టూలు ఎక్కణ్ణుంచి తీసిందో అక్కడే పెట్టి వెళ్లిపోయింది. ఆ స్టూలు పెట్టిన తీరు చూస్తేనే నాకు దొరికిపోయాననిపించింది. వస్తువు తీసినచోట పెట్టేవాళ్లు అబద్ధాన్ని కూడా తీసినచోటే పెడతారు.

మావారంటే మేస్త్రీ. లిఫ్టులు బాగుచేస్తాడు, పెళ్లికి ముందు నుంచీ నేను మేస్త్రీ అనే పిలుస్తాను, వాడు నన్ను చెవులమ్మా అంటాడు. ఇప్పుడు పక్క భవనంలో రక్తం సీసాలు సిద్ధంగా ఉన్నాయో లేదో కనుక్కోడానికి వెళ్లాడు. వాడు వచ్చేలోపు డాక్టరు వస్తే? ఆవిడ వచ్చేలోపు వాడు వస్తే? వాడికి ముందుగా చెప్పి ఉంచాలా? అత్తయ్యని లేపి, సంచి విప్పించి, ఫోను తీయించి, ఒరేయ్ నా వెన్నులో రాడ్డుంది గుర్తుపెట్టుకో అని చెప్పాలా? అక్కర్లేదు. అదే మా ఇంట్లో ఉన్న సుఖం. మా ఇంట్లో తోక రూలుంది. ఇద్దరిలో ఎవరు ఎక్కడ ఏ కోత కోసినా రెండోవాళ్లు దానికి తోక తగిలించాలి తప్ప తెంపకూడదు. పెళ్లయిన కొత్తలో ఎవరిదో విందులో, పక్క కుర్చీ పెద్దాయన నువ్వేం చేస్తావు బాబూ అంటే వీడు విమానంలోంచి దూకడం నేర్పిస్తానండీ అన్నాడు. నేను అప్పుడే నోట్లో ముద్ద పెట్టుకున్నాను. మింగి, "పెళ్లిచూపులకి కూడా అలాగే దిగాడండీ, కాకపోతే పక్కింట్లో దిగాడు, వాళ్లమ్మాయి ఒప్పేసుకుంది, విడిపించుకోడానికి తాతలు దిగొచ్చారు" అన్నాను. ఆ పెద్దాయన ఇప్పటికీ ఎక్కడ కనపడినా వీడి మోకాళ్లు ఎలా ఉన్నాయని అడుగుతాడు. మేముండే చోట లిఫ్టు చెడిపోతే ఈల వేస్తే వస్తుందని నేను ఒకావిడకి చెప్పాను, ఎలా పడితే అలా కాదండీ, మెల్లగా వేయాలి, గట్టిగా వేస్తే బెదిరిపోయి పైకెళ్లిపోతుందని వీడు చెప్పాడు. చాలారోజులు ఆ మెట్ల దగ్గర పెద్దపెద్దవాళ్లంతా మూతులు ముందుకు పెట్టుకుని నిలబడ్డారు. కాబట్టి రాడ్డని చెవినపడితే చాలు, మేస్త్రీ కంగారుపడడు, ఎక్కడా, ఎప్పుడూ అని అడగడు, తోక తగిలిస్తాడు. నిన్ను నమ్ముకున్నాన్రా మేస్త్రీ. ఒకే ఒక్క చిక్కు, ఇది ఆట కాదని వాడికి తెలీదు.

ట్రాలీ ఒకటి వరండాలో వెళ్తోంది. ఒక చక్రానికి నూనె లేదు, మూడు చక్రాలు నోరుమూసుకుని నాలుగోది మాత్రం కీచుమంటోంది, ఎత్తైన సన్నటి కీచు, ముసలివాళ్లకి ముందుగా వినపడకుండా పోయేది ఆ రకం చప్పుడే. అత్తయ్య కదల్లేదు. ఇలాంటివి నాకు పట్టకుండా ఎలా ఉంటాయి, నా పనే అది. చెవులు పరీక్ష చేస్తాను. చిన్న గది, గోడలకి లోపల మందంగా స్పాంజి, తలుపు వేస్తే సొంత ఊపిరి సొంతవాళ్ల మీద కోపంలా గట్టిగా వినపడుతుంది. లోపల కూర్చోబెట్టి చెవులకి తొడుగులు పెట్టి చేతికి మీటనిచ్చి, అందరికీ ఒకటే పాట పాడతాను, వినపడితేనే నొక్కండి, వినపడకపోతే ఊరుకోండి, ఇది పరీక్ష కాదు, తప్పయినా ఎవరూ కొట్టరు. అయినా నొక్కుతారు. నేను చప్పుడు పంపకుండా చేతులు ఒళ్లో పెట్టుకుని అద్దంలోంచి చూస్తూ ఉంటాను, లోపల పెద్దమనిషి భృకుటి ముడేసి, తల ఒకవైపు వంచి, ఏదో చాలా దూరం నుంచి వస్తున్నదాన్ని పట్టుకున్నట్టు మొహం పెట్టి, నొక్కుతాడు. ఏమీ లేని దానికి. బయట భార్య కూర్చుని ఉంటుంది, ఆవిడ ముందు చెవిటివాణ్ణని తేలకూడదు. కొత్తలో నవ్వొచ్చేది. ఇంటికొచ్చి మేస్త్రీ ముందు ఆ మొహం పెట్టి చూపిస్తే పొట్టపట్టుకుని నవ్వేవాడు. దొంగలనుకునేదాన్ని వాళ్లని. దొంగతనం కాదు. వినపడాలని అంత గట్టిగా అనుకుంటే మనిషికి వేలు దానంతటదే కదులుతుంది. అది నాకు వాళ్లెవరూ చెప్పలేదు.

పోయినసారి కూడా మబ్బే. పోయినసారి ఆలోచించుకోమని ఎవరూ గంట టైమివ్వలేదు, లోపల గుండె తగ్గుతోందన్నారు, ఎవరో పరిగెత్తారు, పైన దీపాలు ఒకదాని వెనక ఒకటి వెనక్కి వెళ్లిపోయాయి, ముందుకి వంగమ్మా, పిల్లిలా వంగు, అన్నారు, నేను వంగుతూ కూడా పిల్లి కడుపుతో ఉంటే వంగదండీ అన్నాను, ఎవరూ నవ్వలేదు, అప్పుడే నాకు తెలిసుండాల్సింది. కాళ్లు వెచ్చబడ్డాయి, తర్వాత ఎవరివో అయిపోయాయి. ఆకుపచ్చ గుడ్డ మొహానికి అడ్డం. తల దగ్గర మేస్త్రీ, టోపీ, మూతికి గుడ్డ, రెండు కళ్లు. నా చెవులు మాత్రం మొద్దుబారలేదు. చెవులకి మత్తివ్వరు కదా. నేను అన్నీ విన్నాను, పళ్లెంలో కత్తెర పడడం, రక్తం పీల్చే గొట్టం గుటకలేయడం, ఎవరి చెప్పో తడినేల మీద జారి ఆగడం, పైన ఏసీ గొట్టంలో వదులైన రేకు, ఒకావిడ ఇంకో ఆవిణ్ణి పేరు పెట్టి కాకుండా ఇదిగో ఇదిగో అని పిలవడం. పొట్టలోంచి ఏదో బరువు లేచిపోయింది, సొరుగు మొత్తం లాగేసినట్టు. ఆ తర్వాత మూలనున్న బల్ల దగ్గర రబ్బరు సంచి నొక్కే చప్పుడు. నొక్కడం, వదలడం. నొక్కడం, వదలడం. దాని మధ్యలో ఖాళీలు. ఆ ఖాళీల్లోకి నేను తల వంచి చూశాను, స్పాంజి గదిలో పెద్దమనిషిలాగే. నా ఉద్యోగంలో నేను ఇన్ని రకాల నిశ్శబ్దాలు పంపాను మనుషుల చెవుల్లోకి, ఎవరో అన్నీ కలిపి ఒకేసారి తిప్పి పంపినట్టుంది.

"ఏడ్చిందా?" అన్నాను. మేస్త్రీ కళ్లు బల్ల వైపు వెళ్లి నా వైపు వచ్చాయి. "ఏడ్చింది" అన్నాడు. "నెమ్మదిగా. వినలేదా?" అప్పుడు నేనేం చేశానంటే, ఇదే నిన్నటి నుంచి రెప్ప వాలనివ్వనిది, నేను తోక తగిలించాను. "విన్నా. గొంతు మీ అమ్మదే" అన్నాను. అలవాటు. కడుపు కోసి ఉండగా, అడ్డం గుడ్డకి అవతల నా పాప నోరు తెరవకుండా పడి ఉండగా, అలవాటు. మీట నొక్కేశాను. వాడి కళ్లు మూతిగుడ్డ పైన చిన్నగా నవ్వడానికి ప్రయత్నం చేశాయి, పాపం, ఇద్దరం కలిసి ఎవరినో నమ్మించినట్టు. విందులో పెద్దాయన్నో, లిఫ్టు కింద ఈల వేసే ఆవిణ్ణో. అక్కడ ఎవరున్నారు నమ్మడానికి? తర్వాత గుడ్డలో చుట్టి తెచ్చారు. నుదురు మేస్త్రీది. పెదాల రంగు గురించి నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ తర్వాత ఆ ఏడుపు పెరిగింది. పిల్లలు పెరిగినట్టే. చూడ్డానికొచ్చిన వాళ్లందరికీ మేస్త్రీ చెప్పాడు, ఒక్కసారి ఏడ్చిందండీ, చాలా మెల్లగా. మా అక్క ఒళ్లో తలపెట్టుకుని నేను చెప్పాను, ఒక్కసారి కాదే, రెండుసార్లు. అత్తయ్య ఎవరో అడగకుండానే చెప్పింది, నేను బయటికే విన్నాను, రెండు తలుపులు దాటి వచ్చింది నా తల్లి గొంతు అని. రెండు తలుపులు. నేను చెప్తున్నాను వినండి, చెవుల పని చేసేదాన్ని, ఆ తలుపులు దాటి కొండ కూలినా వినపడదు. కానీ అత్తయ్యకి తోక ఎవరు తెంపుతారు? ఆవిడ కొడుకే వేశాడు మొదటి ముడి. మేస్త్రీకి ఎవరు తెంపుతారు? నేనే ముడి బిగించాను. అలా మా ఇంట్లో ఒక ఏడుపు ఉంది, దాన్ని ఎవరూ వినలేదు, అందరం జాగ్రత్తగా చూసుకుంటాం, దుమ్ము పడనివ్వం. రాత్రిపూట వాడు నా వైపు తిరిగి పడుకుని, ఏదో అడగబోయి, రేపు పొద్దున్న నీళ్లొస్తాయా అని అడుగుతాడు. వస్తాయి అంటాను నేను. మా మధ్య అబద్ధం లేని మాట నీళ్ల గురించే.

అందుకే నిద్ర. ఇది అత్తయ్యకి అర్థం కాదు, మత్తు డాక్టరుకి చెప్పలేను. నడుముకైతే మేస్త్రీ తల దగ్గర కూర్చుంటాడు. అదే టోపీ, అదే మూతిగుడ్డ, అవే కళ్లు. ఏడ్చిందా అని నేను అడగనా? నోరు కుట్టేసినా అడుగుతాను. వాడు ఏం చెప్తాడు? ఏడ్చినా ఏడ్చింది అంటాడు, ఏడవకపోయినా ఏడ్చింది అంటాడు. ఇంక వాడు చెప్పినదాంట్లో నిజం ఎక్కడుందో వెతుక్కోడానికి నా చెవులు నాకు మిగులుతాయి, వాటిని నేను ఒకసారి అమ్మేసుకున్నాను. ఇంకో లేని ఏడుపుని మా ఇల్లు మోయలేదు. పూర్తి మత్తయితే ఎంత శుభ్రం. మూతి మీద తొడుగు పెట్టి గాలి పీల్చమంటారు, అంకెలు లెక్కపెట్టమంటారో ఏమో, నేను ఒకటి నుంచి మొదలుపెట్టి కోటిదాకా లెక్కపెడితేగానీ పడుకోలేదని తర్వాత చెప్పుకోవచ్చు, పడుకుంటాను, మేస్త్రీ తలుపు బయట ఉంటాడు, వాణ్ణి అడిగేవాళ్లుండరు, వాడు అబద్ధం చెప్పక్కర్లేదు, లేచేసరికి బిడ్డ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఉంటే బాగుంటుంది. గొంతు నొప్పి, నోరు ఎండిపోవడం, వికారం, ఇవన్నీ ఎవరిక్కావాలి లెక్క. మొదటి ఏడుపు వినలేను, అంతే కదా. అంతే. అంతేనా? పోయిన నెల నా గదికి ఒక పిల్ల వచ్చింది, పుట్టుచెవుడు, చెవి వెనక యంత్రం పెట్టి నేనే మొదటిసారి స్విచ్చి వేశాను. వాళ్లమ్మ "బంగారం" అని పిలిచింది. అందరూ నవ్వుతుందనుకుంటారు. నవ్వరు, బెదిరిపోయి ఏడుస్తారు. ఆ పిల్లా ఏడ్చింది, ఏడుస్తూ తన ఏడుపు తనకే వినపడి టక్కున ఆపింది, ఏమిటిదీ, ఎవరూ, అన్నట్టు చూసింది, మళ్లీ మొదలుపెట్టింది. వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకుని, ఎంత బాగా ఏడుస్తోందో చూడండి అంది. నేను బాత్రూములోకెళ్లి కుళాయి తిప్పి నిలబడ్డాను. కళ్లలో స్పాంజి దుమ్ము పడిందని తర్వాత చెప్పాను. స్పాంజికి దుమ్ముండదు.

నర్సు వచ్చి బొడ్డు పక్కన జిగురు రాసి యంత్రం పెట్టింది. లోపలి గుండె వినపడింది, గుంటలో నుంచి ఎవరో తడిగుడ్డతో నేల కొడుతున్నట్టు, వేగంగా, కోపంగా. "బాగుందమ్మా" అంది. ఆవిడ చెప్పిందని కాదు, నేనే విన్నాను, బాగుంది. కానీ పోయినసారి కూడా పొద్దున్న బాగానే ఉంది. యంత్రం తీసేయగానే గది ఒక్కసారి లోతయిపోయింది. నేను ఈసారి మెల్లగా పొట్ట మీద వేలితో కొట్టాను, లోపల్నుంచి జవాబు వచ్చింది, ఒక తన్ను. వినపడింది దానికి. వినపడితేనే నొక్కింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది, ఇద్దరూ కలిసే వచ్చారు. ఆవిడ ముందు, మేస్త్రీ వెనక, మేస్త్రీ నోరు అప్పటికే నడుస్తోంది. వాడి మొహం చూడగానే నాకు తెలిసిపోయింది, వరండాలోనే అడిగేసింది, వీడు వరండాలోనే మొదలుపెట్టేశాడు.

"...ఒకటి పొట్టిదండీ, ఒకటి పొడుగుది. పొడుగుదాన్ని చలికాలం ఇంకొంచెం బిగించుకోమన్నారు" అంటున్నాడు.

"మీరు పనిచేసే లిఫ్టు గుంటలో పడ్డారన్నారు కదా."

"అవునండీ. నాకు క్యారేజీ ఇవ్వడానికి వచ్చి."

"ఈవిడ స్కూటరు మీంచి పడ్డానన్నారు."

"స్కూటరుతో సహా పడిందండీ" అన్నాడు మేస్త్రీ, రెప్ప వేయకుండా. నా వైపు ఒక కన్ను గీటాడు. ఎలా ఉంది, అన్నట్టు. ఇంకోరోజైతే వాణ్ణి అక్కడే ముద్దుపెట్టుకునేదాన్ని.

"రాడ్డేంట్రా? ఎవరికి?" అంటూ అత్తయ్య లేచింది. లేచీ లేవగానే సంచి తడుముకుంది.

డాక్టరు నన్ను కూర్చోబెట్టింది. వీపు మీద గౌను ముడి విప్పింది, చల్లటి బొటనవేలు మెడ కింద పెట్టి ఎముక ఎముకకీ ఆగుతూ కిందిదాకా వచ్చింది. ఇలాంటి వేలు నేను ఎరుగుదును. చప్పుడు పంపకుండా మీట వైపు చూస్తూ కూర్చునే వేలు. కిందికి వచ్చి ఆగింది.

"చాలా మంచి సర్జను" అంది. "రెండు రాడ్లు పెట్టి, సూది గుచ్చినంత మచ్చ కూడా లేకుండా కుట్టేశాడు."

"పెద్ద చెయ్యండీ ఆయనది" అన్నాడు మేస్త్రీ.

ఆవిడ ముడి మళ్లీ కట్టింది, ముందు ఉన్నట్టే, గట్టిగా. స్టూలు లాక్కుని కూర్చుంది. కోపంగా లేదు, అందుకే నాకు భయమేసింది. "నేను ఈ మాట నమ్మి ఉంటే ఏమయ్యేదో చెప్తాను. నడుముకి మానేసేదాన్ని. గొంతులో గొట్టం వేసేదాన్ని. కడుపుతో ఉన్నవాళ్ల గొంతు వాచి ఉంటుంది, ఒక్కోసారి గొట్టం దిగదు. ఆ ప్రమాదంలోకి ఒక అబద్ధం కోసం వెళ్లేవాళ్లం." తర్వాత మెల్లగా అంది, "నిద్రే కావాలంటే నిద్రే ఇస్తాను. భయంగా ఉందన్నా నాకు అది కారణమే. దానికి రాడ్డక్కర్లేదు."

మేస్త్రీ ఆవిణ్ణి చూశాడు, నన్ను చూశాడు. వాడి మొహంలో నవ్వు ఇంకా ఉంది గానీ దాన్ని ఎక్కడ పెట్టాలో వాడికి తెలీడం లేదు. ఇది ఆట కాదని అప్పుడు తెలిసింది వాడికి. మంచం దగ్గరికి వచ్చి రెగ్జిను మీద చెయ్యి పెట్టాడు, అది కిర్రుమంది.

"నిద్రెందుకే చెవులమ్మా?" అన్నాడు. "నేను పక్కనే ఉంటాగా."

నా దగ్గర ఇంకా అబద్ధాలున్నాయి. నిద్రలో నడుస్తానని ఒకటి, సూది చూస్తే పూనకం వస్తుందని ఒకటి, మా వంశంలో ఆడవాళ్లంతా నిద్రలోనే కంటారని ఒకటి, మూడూ నాలిక చివర వరసలో నిలబడి ఉన్నాయి. ఒక్కటీ ముందుకు రాలేదు.

"అందుకే" అన్నాను.

"ఏంటి అందుకే?"

"నువ్వు పక్కనుంటావు, అందుకే. ఏడవకపోయినా ఏడ్చింది అంటావు." నా గొంతు నాకే ఎక్కడో తలుపు అవతల వినపడుతోంది. "పోయినసారి పాప ఏడవలేదు మేస్త్రీ. నాకు వినపడలేదు. విన్నానని ఊరికే అన్నాను. నువ్వన్నావని అన్నాను. అప్పుడే తెలుసు నాకు."

అత్తయ్య సంచి ఒళ్లోకి లాక్కుని తల వంచేసుకుంది. మేస్త్రీ నోరు తెరిచాడు. ఏదో తగిలిస్తాడనుకున్నాను, ఒక్కక్షణం నిజంగానే అనుకున్నాను. వాడు నా మంచం అంచు మీద కూర్చుని, "లేదే. ఏడవలేదు" అన్నాడు. "నువ్వు విన్నానంటే, నాకే సరిగ్గా వినపడలేదేమో అనుకున్నాను. ఇన్నాళ్లూ. నీ చెవులు కదా."

నేను వాణ్ణి చూడలేకపోయాను. డాక్టరు మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని నేల వైపు చూస్తోంది. బయట నూనె లేని చక్రం మళ్లీ వచ్చి మా తలుపు ముందు ఆగింది. నా కోసమే.

"చెప్పండమ్మా" అంది ఆవిడ. "నడుముకా, నిద్రకా? ఏదైనా నాకు సమ్మతమే. నిజం చెప్పండి, చాలు."

"నిద్ర అక్కర్లేదండీ" అన్నాను. మొహం తుడుచుకుందామంటే చేతికి సూది ఉంది, తుడుచుకోలేదు. "నిద్ర కావాలని అబద్ధం చెప్పాను. నాకు వినాలనుంది. వినపడకపోతే ఎలా బతకాలో తెలీక అలా అన్నాను."